తూర్పున బండ్లబాట

నలభై ఏళ్లకు పైగా హైదరాబాదు పక్కనున్న మేడ్చల్‌లో దస్తావేజులు రాశాను. అమ్మేవాళ్ల పేరు, కొనేవాళ్ల పేరు, పైకం, సర్వే నంబరు... ఇవన్నీ ఒకే మూసలో నడిచేవి. నిద్రలో లేపినా రాసేవాణ్ని. నాకు ఇష్టమైన భాగం ఆఖరున వచ్చేది. అది హద్దులు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. ఆ నాలుగు వరుసలు రాసేటప్పుడు మాత్రం కలం ఆపి, ఎదురుగా కూర్చున్న రైతును అడిగేవాణ్ని: "పడమరకు ఏమున్నదే?" అతను కళ్లు మూసుకుని చెప్పేవాడు. కాసేపు ఊరంతా నా బల్ల మీదికి వచ్చేది.

మా నాయినదీ ఇదే పని. ఆయన ఉర్దూలో రాసేవాడు. ఆయన రేకుపెట్టెలోని పాత బైనామాల (అమ్మకపు దస్తావేజుల) మీద తేదీ ఫసలీ లెక్కలో ఉంటుంది. నెల ఆజుర్ అనో బహమన్ అనో, పైకం నిజాం నాణెమైన హాలీ సిక్కాలో. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు, అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయలు, వచ్చేవని నాయిన లెక్క చెప్పేవాడు. అప్పుడు మేడ్చల్ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. ఆ మాటకు అర్థమే నగరం చుట్టుపక్కలు అని. నిజాం సొంత ఖజానాకు శిస్తు చెల్లే సర్ఫ్-ఎ-ఖాస్ ఇలాకా మాది. ఇవాళ వెంచర్ల వాళ్లు 'సిటీ శివారు' అనే మాటను తామే కనిపెట్టినట్టు పలుకుతారు గానీ, మాకు ఆ పేరు రాజముద్రతోనే వచ్చింది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ సర్కారులో కలిసింది, అదే ఏడు జాగీర్లూ రద్దయ్యాయి. మరుసటేడు కౌల్దారీ చట్టం వచ్చింది. దున్నేవాడి పేరు కాగితం మీదికి ఎక్కడం అప్పుడే మొదలైందని నాయిన అనేవాడు.

ఆయన తన సొంత రెండెకరాలకు రాసుకున్న హద్దులు ఇవి: తూర్పున బండ్లబాట, పడమర వాగు, ఉత్తరాన మోటబావి, దక్షిణాన గెట్టు మీద రెండు తాటిచెట్లు. అంతే. మీటర్లు లేవు, ఫీట్లు లేవు. అయినా ఆ భూమి గురించి ఏనాడూ తగాదా రాలేదు.

ఆ బండ్లబాట శామీర్‌పేట వైపు ఊళ్ల నుంచి మేడ్చల్ స్టేషనుకు పోయేది. స్టేషను మీదుగా సికింద్రాబాదు నుంచి మన్మాడ్ దాకా నిజాం రోజుల్లో వేసిన చిన్నపట్టాల మీద రైలు నడిచేది. బస్సులు లేవని కాదు. నిజాం రైల్వే వాళ్లే 1932లో ఇరవై ఏడు బస్సులతో రాజ్యంలో ప్రయాణికుల సర్వీసు మొదలుపెట్టారు. కానీ బస్సు పెద్ద సడక్ మీద పోతుంది. లోపలి ఊరికి సడక్ ఎక్కడిది? కట్టెలు, కూరగాయలు, పురిటి నొప్పుల మనిషి, పెళ్లిపిల్ల, అందరూ బండి మీదనే. వానకాలం వాగు వస్తే రెండు రోజులు ఊరు ఊరే. పాతిక కిలోమీటర్ల దూరంలోని పట్నం మాకు పరదేశం లెక్క. భూమికి ధర లేకపోవడానికి అసలు కారణం ఇదే. నేల మంచిదే, పోవడానికి దారి లేదు.

నేను చేతిలో కలం పట్టిన కొత్తలో ఒక ముసలవ్వ ఎకరం అమ్మడానికి వచ్చింది. బిడ్డ పెండ్లికి. దస్తావేజు చదివి వినిపించాను. వేలిముద్ర వేయబోయి ఆగింది.

"బిడ్డా, గెట్టు మీది చింతచెట్టు రాసినవా?"

"రాసిన అవ్వా. దక్షిణం హద్దుల ఉన్నది."

"హద్దుల రాయి. అమ్మకంల రాయకు. చెట్టు నాది."

భూమి అమ్మితే, విడిగా రాసుకోకపోతే చెట్టూ దాంతోనే పోతుందని చెప్పాను. ఆమె వేలు ఎత్తేసింది. కొనే ఆయన నవ్వి, "రాయి పంతులూ, ఏం పోయింది" అన్నాడు. ఆమె బతికినన్నాళ్లు ఆ చెట్టు కాయ ఆమెదేనని ఒక వరుస చేర్చాను. నేను రాసిన వేల కాగితాల్లో ఇంత నికార్సైన షరతు ఇంకోటి లేదు.

తర్వాత హద్దుల్లోకి ద్రాక్షతోటలు వచ్చాయి. మేడ్చల్, కొంపల్లి, శామీర్‌పేట చుట్టూ ఎర్రనేలల్లో బోర్లు పడ్డాయి. రాతి కడీలు పాతి, పైన తీగ లాగి, పందిరి మీదికి అనాబెషాహిని పాకించారు. పెద్ద కాయ, పలచని తోలు, తేనె రంగు. తర్వాత గింజ లేని థాంప్సన్ వచ్చి దాన్ని తోసేసింది. ఏడాదికి రెండు కత్తిరింపులు: ఎండల్లో ఒకటి తీగ ముదరడానికి, అక్టోబరు ప్రాంతంలో ఒకటి కాయ కోసం. ఆ రెండో కత్తిరింపు తర్వాత ముసురు పట్టిందా, బూజు తెగులు వచ్చి పూత రాలిపోయేది. రైతు రాత్రంతా తోటలోనే. కాయ దిగిన ఏడు డబ్బు కూడా బాగానే కనిపించేది. అప్పట్లో నా దస్తావేజుల్లో 'పడమర: ద్రాక్షతోట' అని రాయని వారం లేదు.

తోటలు ఎట్లా పోయాయంటే ఒక్క కారణం చెప్పలేను. బోరు లోతుకు పోయింది, కూలి దొరకలేదు, తెగులుకు మందుల ఖర్చు పెరిగింది. వీటన్నిటికీ తట్టుకున్నవాడు కూడా గజం ధర విన్నాక తట్టుకోలేదు. గుంటకు 121 గజాలు, ఎకరానికి 4840. రైతుకు ఎకరమే తెలుసు, బేరగాడికి గజమే తెలుసు. ఈ రెండు కొలతల మధ్యనే ఎంతోమంది మోసపోయారు. తోట పీకాక పందిరి మోసిన కడీలనే ప్లాట్ల చుట్టూ కంచెకు పాతడం నా కళ్లతో చూశాను.

1999లో తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ మొదలైంది. శామీర్‌పేటకు నల్సార్ లా యూనివర్సిటీ వచ్చింది. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు. మేడ్చల్ రోడ్డు మీది కండ్లకోయ కూడలి 2018లో తెరిచాక ఆ వలయం పూర్తయింది. ఇదంతా జరిగే కాలంలో నేను రాసే హద్దులు మారిపోయాయి. తూర్పు: ప్లాటు నంబరు ఫలానా. పడమర: ప్లాటు నంబరు ఫలానా. ఉత్తరం: ముప్పై ఫీట్ల రోడ్డు. రైతును అడగాల్సిన పని లేదు. అతను కళ్లు మూసుకోవాల్సిన పని కూడా లేదు.

చెరువు పక్క ప్లాట్ల గురించి ఒక్కమాట. 'శిఖం' అంటే చెరువు నిండితే మునిగే నేల. హద్దు శిఖమని రాస్తే, ఆ హద్దు నీళ్లతో పాటు నడుస్తుంది. ఎండిన చెరువును చూసి కొన్నవాళ్లు వాన కురిసిన ఏడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "రిజిస్ట్రీ అయింది కదా సార్!" అయింది. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిలో రిజిస్టరులో పేరెక్కితే హక్కుకు ప్రభుత్వమే జామీను. మన రిజిస్ట్రేషను అట్లా కాదు. ఫలానావాడు ఫలానావాడికి అమ్మాడని నమోదు చేస్తుంది, అమ్మినవాడిది అవునా కాదా అని పూచీ పడదు. ఈ సంగతి చెబితే గిరాకీ తగ్గుతుందని తోటి రాతగాళ్లు కోప్పడేవారు.

ఆ రిజిస్ట్రీ ఆఫీసుల్లోకి 1998లో కంప్యూటర్లు వచ్చాయి. నకలు పుస్తకాల్లో చేత్తో ఎక్కించే పని పోయింది, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) గంటల్లో చేతికొచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను. 2020 అక్టోబరు 29న భూరికార్డుల ధరణి పోర్టలును అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మా పక్కనే మూడుచింతలపల్లిలో ప్రారంభించారు. మూడు చింతచెట్ల పేరు మోసే ఊళ్లో! నాకు ఆ ముసలవ్వ యాదికొచ్చింది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. రిజిస్ట్రేషనుకు సర్వే పటం జత చేయాలంటోంది ఆ చట్టం. మంచిదే. హద్దును మళ్లీ నేల మీదికి వెళ్లి చూడక తప్పదు.

రాకపోకల సంగతి అడిగేవాళ్లకు: 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలుంది. సికింద్రాబాదులోని ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి శామీర్‌పేటకు మెట్రో వేస్తామని 2025 జనవరిలో ప్రకటించారు. అప్పుడే బ్రోషర్లలో 'మెట్రోకు ఐదు నిమిషాలు' అని అచ్చేశారు. స్తంభం లేచాక కొనండి. బాట ఒకప్పుడు మాకు హద్దు, ఇప్పుడు అదే ధర.

నాయిన రెండెకరాలు మా అన్నదమ్ముల పంపకాల్లో ప్లాట్లయ్యాయి. నా వంతుకు 300 గజాలు వచ్చింది. దాని దస్తావేజు నేనే రాసుకున్నాను. తూర్పున నలభై ఫీట్ల రోడ్డు అని ఉంటుంది. అది ఆ బండ్లబాటే.

మీ ఇంట్లో తాతల నాటి ఉర్దూ కాగితం ఏదైనా ఉంటే, చదవడం రాదని చెదలకు వదలకండి. ఉర్దూ చదవగల పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్లి, ముందు ఆ నాలుగు హద్దులూ చదివించుకోండి.