మట్టి ఎవరిని కాదంది?

తురకోళ్లు చచ్చినా ఆరడుగుల నేల ఆక్రమిస్తారు అనే మాట మేం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. రచ్చబండ దగ్గర నవ్వుతూ అంటారు. ఎన్నికలప్పుడు నవ్వకుండా అంటారు. పూడ్చుకోవడం బయటి నుంచి వచ్చినవాళ్ల అలవాటు, కాల్చడమే ఈ నేల ఆచారం అని ఆ మాటకు అర్థం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ అనంతపురం కరువు నేలను అడిగే చూద్దాం. మమ్మల్ని ఏలినవాళ్లూ, మా ఓట్లు అడిగినవాళ్లూ ఎక్కడ పడుకున్నారో లెక్క తీద్దాం.

గుత్తి నుంచే మొదలుపెడదాం. 1776లో హైదరలీ గుత్తి కోట పట్టుకుని మరాఠా సర్దారు మురారిరావును బందీగా తీసుకుపోయాడు. మురారిరావు కబ్బాళదుర్గం చెరలోనే పోయాడు. హైదరలీ మా ఇంటి మేనమామ అయినట్టు, ఈ కథ చెప్పేవాళ్లు ఇప్పటికీ మా ముఖాలు చూసి చెబుతారు. ఆ హైదరలీ 1782లో చిత్తూరు దగ్గర దండు గుడారంలో చనిపోతే, శవాన్ని ముందు కోలారులో ఉంచి, తర్వాత శ్రీరంగపట్నం చేర్చారు. గెలిచినవాడికీ, ఓడినవాడికీ గుత్తిలో సమాధి లేదు.

గుత్తిలో సమాధి కట్టించుకున్నవాడు తెల్లదొర. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాక థామస్ మన్రో ఇక్కడ మొదటి ప్రధాన కలెక్టరు. మద్రాసు గవర్నరై, సీమ పర్యటనకు వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తి కోట కింద పూడ్చారు. 1831లో అస్థికలను తవ్వి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తీసుకుపోయారు. శిస్తు వసూలు చేసిన ఆ దొర పేరు మన రైతులు పిల్లలకు పెట్టుకున్నారు, మన్రోలప్ప అని. మన్రోను పూడ్చడం పరాయి ఆచారమని ఎవరికీ అనిపించలేదు.

ఇక స్వరాజ్యం వచ్చాక. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి. 1996 జూన్ 1న బెంగళూరులో చనిపోయారు. ఆయన సమాధి ఢిల్లీలో లేదు, ఇల్లూరులో లేదు, బెంగళూరు కల్పళ్లి శ్మశానంలో ఉంది. ఆయన బావమరిది తరిమెల నాగిరెడ్డి 1952లో అనంతపురంలో ఆయన్నే ఓడించారు. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976 జూలై 28న, అజ్ఞాతంలో ఉండగానే పోయారు. జనం ఆయన్ను సమాధితో కాదు, ‘తాకట్టులో భారతదేశం’ అనే పుస్తకంతో గుర్తు పెట్టుకున్నారు. 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురైన పరిటాల రవికి వెంకటాపురంలో ఘాట్ వెలిసింది. పక్కన కడప జిల్లా ఇడుపులపాయలో 2009లో రాజశేఖరరెడ్డిని పూడ్చారు. రాజకీయ నాయకుడు కాకపోయినా రాజకీయులందరూ తలవంచిన పుట్టపర్తి సత్యసాయిబాబాను 2011 ఏప్రిల్ 27న ప్రశాంతి నిలయంలో సమాధి చేశారు. లింగాయతులు పూడ్చుకుంటారు. సన్యాసుల్ని పూడుస్తారు. పసిబిడ్డల్ని పూడుస్తారు. మరి మట్టిలో కలిసే అలవాటు మాదొక్కళ్లదేనా?

అసలు ఈ జిల్లాలో సమాధి చుట్టూ అందరూ చేరే ఆచారం నాయకుల ఘాట్ల కంటే చాలా పాతది. పెనుకొండ బాబయ్య దర్గా చూడండి. ఆ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా కింద ఉంది గానీ, మొక్కులకు జిల్లా సరిహద్దు ఏముంది? బాబా ఫక్రుద్దీన్ సమాధి దగ్గర చక్కెర చదివించేవాళ్లలో మేమెందరమో హిందువులూ అందరు. గూగూడు కుళ్లాయప్ప పీర్ల పండక్కి ఊళ్లకు ఊళ్లే కదిలిపోతాయి. ఫక్కీరప్ప, కుళ్లాయప్ప, బాబయ్య, హుసేనప్ప – ఈ పేర్లున్న మనిషి ఏ మతమో పేరు చూసి చెప్పమనండి! పేర్లు పంచుకున్నవాళ్లం, మొక్కులు పంచుకున్నవాళ్లం, ఆరడుగుల నేల దగ్గర ఎందుకు పరాయివాళ్లమయ్యాం?

ఇంతకూ మా ఖబర్లెక్కడ? జిల్లాలో పదిమందిలో ఒకరం మేం. 2009లో హిందూపురం, 2014లో కదిరి మా వాళ్లను అసెంబ్లీకి పంపాయి. అంతకు ముందూ సర్పంచులు, కౌన్సిలర్లు ఉన్నారు. కానీ మాలో పెద్దమనిషి పోయినా, పింజారీ ముసలాయన పోయినా జనాజా అదే, మూడు పిడికిళ్ల మట్టి అదే. ఖబరు మీద హంగు వద్దంటుంది మా దీన్. అది మాకు గర్వమే. అయితే ఆ సాదాతనమే మాకు చేటు తెస్తోంది. పేరు రాసిన రాయి లేదు, చుట్టూ గోడ లేదు, కంపచెట్లు మొలుస్తాయి. పదేళ్లకు అది బీడనిపిస్తుంది, ఇరవై ఏళ్లకు ఎవరో గట్టు జరుపుతారు. నాయకుడి ఘాట్ పక్కన గట్టు జరిపే ధైర్యం ఎవరికుంది?

మా పల్లెల్లో చాలా కబరస్తాన్లకు పత్రం లేదు. ఎవరో రెడ్డి నోటిమాటగా ఇచ్చిన చెక్క, ఏ కాలందో తెలియని ఇనాం. తరతరాలుగా వాడుకుంటున్నాం కాబట్టి మాదే అనుకున్నాం. చట్టం కూడా ఇన్నాళ్లూ వాడుక వల్ల వక్ఫ్ అనే మాటను ఒప్పుకుంది. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఇక మీదట దాన్ని తీసేసింది. పాతవి కూడా అప్పటికే రిజిస్టరై ఉంటేనే నిలుస్తాయి. వాటిలోనూ తగాదా ఉన్నవాటికి, సర్కారు భూమి అన్నవాటికి ఆ రక్షణ లేదు. ఊరందరికీ తెలిసిన తాత ఖబరు కాగితం మీద లేకపోతే ఇక లేనట్టే.

అందుకే మా వాళ్లకు ఒక మాట. గోరీలకు పాలరాయి వద్దు. సర్వే నంబరు కావాలి. ప్రతి ఊళ్లో కబరస్తాన్ హద్దులు కొలిపించండి. అడంగల్‌లో ఏమని రాసి ఉందో చూడండి. షబే బరాత్ రాత్రి ఫాతెహా చదివి వచ్చేసే కుర్రాళ్లు, ఏ ఖబరు ఎవరిదో ముసలివాళ్లను అడిగి నోటుబుక్కులో రాసుకోండి. మా పక్కింటి హిందూ సోదరులకు ఇంకో మాట. ఆ స్థలం ఎప్పట్నుంచి కబరస్తానో మీ అవ్వాతాతలకూ తెలుసు. కొలతలకు వచ్చిన రోజు గట్టు మీద నిలబడి ఆ సాక్ష్యం చెప్పండి. మేం అడిగేది ఘాట్ కాదు. ఆరడుగులే.