ఈల వేసేవాడికి ఎవరు తీర్పు చెప్పాలి?

ఫుట్‌బాల్ మైదానంలో ఆడేది ఇరవై ఇద్దరు. గ్యాలరీలో కూర్చున్న వేలమంది కళ్లు మాత్రం ఇరవై మూడో మనిషి మీద ఉంటాయి. మన జట్టు గెలిస్తే అతను కనబడడు. ఓడితే అతనొక్కడే కనబడతాడు.

హైదరాబాదులో ఉద్యోగం చేసిన మన సభ్యులకు ఈ ఆట కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలోనే భారతదేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఆ ఆటగాళ్ల పేర్లు పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆటలు నడిపిన రెఫరీ పేరు ఒక్కటి చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ వ్యాసంలో ఆ ఉద్యోగం చరిత్ర కొంత రాయాలనిపించింది.

మొదట్లో ఆటకు రెఫరీయే లేడు. 1863లో ఇంగ్లండులో నియమాలు రాసినప్పుడు, పెద్దమనుషులు తమ తగాదాలు తామే తీర్చుకుంటారని అనుకున్నారు. ఆ నమ్మకం ఎక్కువకాలం నిలవలేదు. ఒక్కో జట్టు తన తరఫున ఒక అంపైరును తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆ ఇద్దరికీ కుదరకపోతే, గీత బయట ఉన్న మూడో వ్యక్తికి నివేదించేవారు. ఆ మూడో వ్యక్తే రెఫరీ. 1891లో ఆయనను మైదానం లోపలికి పంపి, సర్వాధికారం ఇచ్చి, అంపైర్లను గీత దగ్గరికి పంపారు. అధికారంతోపాటు తిట్లు కూడా ఆనాటి నుంచే ఆయన వంతుకు వచ్చాయి.

ఈ వృత్తికి ఒక పద్ధతి ఏర్పరచినవారిలో ఇద్దరు బడిపంతుళ్లు ఉన్నారు. స్టాన్లీ రౌస్ గారు 1938లో నియమావళిని తిరగరాశారు. రెఫరీ మైదానంలో ఐమూలగా పరుగెత్తుతూ, లైన్స్‌మన్‌లు చెరోవైపు ఉంటే ఏ మూలా కన్ను దాటిపోదన్న విధానాన్ని ప్రచారం చేసింది కూడా ఆయనే. రెండో ఆయన కెన్ ఆస్టన్. 1966 ప్రపంచ కప్పులో ఇంగ్లండుతో ఆడుతున్న అర్జెంటీనా కెప్టెన్ రట్టిన్‌ను జర్మన్ రెఫరీ బయటికి పంపాడు. ఒకరి భాష మరొకరికి రాదు. రట్టిన్ చాలాసేపు కదలలేదు. అప్పుడు రెఫరీల పర్యవేక్షణ చూస్తున్న ఆస్టన్‌కు రోడ్డు కూడలిలోని దీపాలు చూసి ఆలోచన తట్టింది. పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు. 1970 మెక్సికో ప్రపంచ కప్పుతో ఆ కార్డులు అమలులోకి వచ్చాయి. భాష రాకపోయినా అందరికీ అర్థమయ్యే ఉత్తరువు అది.

నేటి శిక్షణ మరింత కఠినం. పదిహేడు నియమాలు కంఠస్థం కావాలి, రాతపరీక్ష నెగ్గాలి. దేహదారుఢ్య పరీక్షలో అంతర్జాతీయ స్థాయి రెఫరీ నలభై మీటర్ల పరుగును ఆరుసార్లు, ఒక్కొక్కటి ఆరు సెకన్లలో ముగించాలి. ఆపైన డెబ్బై అయిదు మీటర్లు పరుగు, ఇరవై అయిదు మీటర్లు నడక, ఇలా నలభైసార్లు. ఆటలో ఆయన పది కిలోమీటర్లకు పైగా తిరుగుతాడు. ప్రతి ఆటకూ ఒక పరిశీలకుడు కూర్చుని, ఆయన ఎక్కడ నిలబడ్డాడు, ఎంత దూరం నుంచి చూశాడు అని మార్కులు వేస్తాడు. అంటే మన ఆఫీసుల్లోని రహస్య నివేదిక వంటిదే, కాకపోతే ఇక్కడ ఏడాదికి ఒకసారి కాదు, ప్రతి ఆటకూ ఉంటుంది.

ప్రేక్షకుల నివేదిక వేరు. 1966 ఫైనల్లో ఇంగ్లండు కొట్టిన బంతి పైకమ్మికి తగిలి గీత దగ్గర పడింది. గోలే అన్నాడు లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్. జర్మన్లు ఆ తీర్పును నేటికీ ఒప్పుకోరు. ఆయన సొంతగడ్డ అజర్‌బైజాన్‌లో మాత్రం బాకూ నగరపు పెద్ద స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. తీర్పు ఒక్కటే, చూసే దేశాలు రెండు.

ఈ కొలతలో లోపం ఎంత ప్రమాదకరమో 1964 మే 24న లీమా నగరంలో తెలిసింది. పెరూ, అర్జెంటీనాల ఒలింపిక్ అర్హత పోటీ చివరి నిమిషాల్లో పెరూ గోలును రెఫరీ చెల్లదన్నాడు. జనం మైదానంలోకి దూకారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. భయపడి మెట్లమీదుగా పరుగెత్తినవారికి కింద తలుపులు మూసి ఉన్నాయి. ఊపిరాడక, నలిగి, ప్రభుత్వ లెక్క ప్రకారమే 328 మంది చనిపోయారు. చాలాకాలం లోకం ఆ ఈలనే తలుచుకుంది. కాని మనుషులను చంపింది ఈల కాదు. వాయువు, మూసిన తలుపులు.

యంత్రం వస్తే తగాదా తీరుతుందనుకున్నాం. 2010లో ఇంగ్లండు ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటినా గోలు ఇవ్వలేదు. 2012లో గోలుగీత యంత్రాలను అనుమతించారు. 2018 ప్రపంచ కప్పు నుంచి వీడియో సహాయక రెఫరీ కూడా వచ్చాడు. బంతి గీత దాటిందా లేదా అన్న వాదం అక్కడ ముగిసింది. చేతికి తగిలింది కావాలనా, అనుకోకుండానా అన్న వాదం ముగియలేదు. అది కొలతబద్దకు అందేది కాదు, మనిషే నిర్ణయించాలి.

భారత జట్టు ప్రపంచ కప్పులో ఎన్నడూ ఆడలేదు. కాని 2002లో మన దేశానికి చెందిన శంకర్ గారు సహాయక రెఫరీగా ఆ వేదిక మీద నిలిచారు. ఆ గౌరవం గుర్తున్నవారు ఎంతమంది?

మన ఇళ్లలో పిల్లలెవరైనా రెఫరీ పరీక్షకు వెళతానంటే, తిట్లు తినే పని ఎందుకురా అంటాం. ఆ తిట్లు పుట్టేది మన నోట్లోనే కదా! కొత్తగా ఈల పట్టిన కుర్రవాడు మొదట నడిపేవి వీధి మైదానాల్లో చిన్నపిల్లల ఆటలు. అక్కడ పరిశీలకుడు ఉండడు, వీడియో ఉండదు. గీత పక్కన తల్లిదండ్రులు, తాతలు ఉంటారు. అతను ఆటకు దగ్గరగా పరుగెత్తాడా, రెండు జట్లకూ ఒకే నియమం పెట్టాడా, అరుపులకు లొంగకుండా నిలబడ్డాడా అని చూడాలి. ఈ మూడూ ఉంటే, మన మనవడి జట్టు ఓడినా సరే, ఆట అయ్యాక అతనితో చేయి కలిపి రావాలి. వచ్చే ఆదివారం అతను మళ్లీ ఈల పట్టుకుని మైదానానికి రావాలంటే ఆ మాత్రం మర్యాద చాలు.