గల్లగురిగి

కరీంనగరపు అంగళ్లలో కుమ్మరులు అమ్మెడి గల్లగురిగికి నోరుండదు. చక్రముపై తిరుగుచున్న మట్టిని క్రమక్రమముగా లోనికి ముడిచి, కొనదేల్చి మూసివేసి, పచ్చి యారకమునుపే నాణెము జారునంతటి సన్నని చీలికను మాత్రము కోసి కాల్చుదురు. అందు పడినది గురిగి పగిలినగాని వెలికి రాదు. సంసారపు ఆదాయవ్యయములకు సంబంధించిన ప్రథమసూత్రము, అనగా మొదట తీసిపెట్టి పిమ్మట వెచ్చించుట, ఈ మట్టిపాత్ర యాకృతిలోనే యిమిడియున్నది. మా బాపమ్మ జొన్నలు విసరుటకు కూర్చుండునపుడు చాటలోనుండి పిడికెడు గింజలు తీసి మూలనున్న కుండలో వేసిన తరువాతనే తిరుగలిపిడి పట్టెడిది. “మిగిలింది మనది గాదు బిడ్డా, తీసిపెట్టిందే మనది” అని యామె యనుమాట నా చెవిలో నేటికిని వినబడుచున్నది.

ఈ సీమలో కూడబెట్టుట నిన్నమొన్న పుట్టినది కాదు. పెద్దపల్లి చెంతనున్న పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహనకాలపు నాణెములు వేలకొలది బయల్పడినవి. గోదావరి యొడ్డున కోటిలింగాలలో శాతవాహనరాజు సిముకుని నాణెములే కాక, అంతకుమునుపు పాలించిన గోభదుడు, నారనుడు, సమగోపుడు మున్నగువారి నాణెములును లభించినవి. అదే గోదావరికి ఎగువనున్న నాసికపు గుహాశాసనమొకటి, దాచిన ధనము పనిచేయు తీరును అంకెలతో చెప్పుచున్నది. క్రీస్తుశకము 2వ శతాబ్ది యారంభమున క్షత్రపరాజు నహపానుని యల్లుడైన ఉషవదాతుడు 2,000 కార్షాపణములను సాలెవారి శ్రేణియొద్ద నుంచి, నెలకు నూటికొకటి వృద్ధిగా నిర్ణయించి, అసలు నెన్నడును ముట్టరాదని శాసించెను. ఏటికి 240 కార్షాపణములు. ఇరువదిమంది భిక్షువుల వస్త్రములకై తలకు 12. దానికి ‘అక్షయనీవి’ యని పేరు. కౌటిల్యుని యర్థశాస్త్రమున ఆయములోనుండి వ్యయము పోగా నిలిచినది నీవి. నేడు మనము ‘వడ్డి’ యనుచున్న మాటయు ఈ ‘వృద్ధి’ నుండి వచ్చినదే.

ఐనను, ఈ లెక్కల విద్య కృషీవలుని యింటికి చేరుటకు చాలకాలము పట్టెను. జమా, ఖర్చు, బాకీ యను మాటలు పారసీక రాజభాషతో వచ్చి పల్లెల నాలుకపై నాటుకొన్నవే కాని, అవి వ్రాయబడిన పుస్తకము మాత్రము షావుకారు ఒడిలోనే యుండెను. విత్తునాడు ‘నాగు’కు, అనగా ధాన్యపు అప్పుకు, తెచ్చుకొన్న పుట్టి వడ్లకు కోతనాడు పుట్టిన్నర కొలువవలసివచ్చినపుడు, ఆ సగము పెరుగుదల ఎన్ని నెలలదో, అది యేటికి నూటి కెంత పడునో లెక్కకట్టువాడు రైతు పక్షమున లేడు. ఆదిలాబాదు అడవులలో గోండులు అప్పులక్రింద భూములు కోల్పోయిన విధమును, 1940లో గోండు వీరుడు కుమ్రం భీము జోడెఘాటున నేలకొరిగిన పిమ్మట ఆ సీమకు వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫు వివరముగా గ్రంథస్థము చేసెను. నా తలంపున ఆ కష్టమునకు మూలము దుబారా కాదు, లెక్క పరాధీనమగుటయే. గురిగి దాచగలదు కాని లెక్క చెప్పజాలదు. దాచినదానిని పెంచను జాలదు.

దాచుట, లెక్క యను రెంటిని కలుపు మేలు తలపెట్టినవారు కరీంనగరము జిల్లాలోనే యుండిరి. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో ముల్కనూరులో 373 మంది సభ్యులతో సహకార గ్రామీణ బ్యాంకు వెలసెను. అప్పిచ్చిన సంఘమే పంటను అమ్మిపెట్టుటయు చేపట్టగా, రైతుకు రాబడియు ఋణమును ఒకే ఖాతాలో కానవచ్చెను. 1990 దశకమున కరీంనగరము, వరంగల్లు జిల్లాల పల్లెలలో స్త్రీల పొదుపు సంఘములు వ్యాపించినవి. 1995లో వెలువడిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము స్వయంపాలన గోరు సంఘములకు ఊతమైనది. ముల్కనూరు స్త్రీలే పాలడెయిరీని స్థాపించి ‘స్వకృషి’ పేర పాలు అమ్మసాగిరి.

పొదుపు సంఘమున నెలనెలా నియతమైన మొత్తము కట్టుట గురిగివంటిదే. కాని యిందు పగులగొట్టవలసిన పని లేదు. దాచినదాని ననుసరించి అప్పు పుట్టును. కట్టిన మిత్తి, అనగా వడ్డి, సంఘమునకే చేరును. అన్నిటికంటె నా కెక్కువ ముచ్చట గొల్పునది కూడికనాటి పఠనము. దస్త్రము తెరచి పేరుపేరున చదువుచుండ, అక్షరము లెరుగని యిల్లాలు సైతము తన యసలెంతో, మిత్తియెంతో చెవులార విని, అంకె తప్పినచో “ఆగు చెల్లె, పోయిన నెల గూడ గట్టిన గద” యని యక్కడనే సరిచేయించుకొనును.