పిడికిటికి మించిన పిస్తోలు

జనకుని కొలువులో శివధనుస్సును చూచి రాజులు తలలు వంచుకొని మరలిపోయిన కథ శ్రోతలకు క్రొత్తది కాదు. లోపము ధనుస్సునందు లేదు. దానిని ఎత్తవలసిన భుజములయందే కలదు. ఇట్టి సన్నివేశములు పురాణకాలముతో ముగిసిపోలేదు. చేతిలో ఇముడు పిస్తోలునకు పెద్ద తుపాకి బలమును కూర్పవలెనని గడచిన నూటపాతిక సంవత్సరములలో పాశ్చాత్యదేశములందు పలువురు యత్నించిరి. వారిలో ఇద్దరు ఆ యత్నముననే దివాలా తీసిరి. ఆ చరిత్రను నేడు సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

ముందుగా యంత్రమును గూర్చి ఒక మాట. రివాల్వరునందు తూటాలు గుండ్రని సిలిండరులోని గదులలో నుండును. ఆ సిలిండరును త్రిప్పునది పేల్చువాని చేతిబలమే. కావున తూటా ఎంత బలమైనదైనను దానిని త్రిప్పుటలో చిక్కు లేదు. అర్ధస్వయంచాలిత పిస్తోలు అట్టిది కాదు. ప్రేలిన తూటా బలముతోనే అది ఖాళీ గుల్లను బయటికి విసరి, పిడిలోని మాగజైను నుండి మరియొక తూటాను గైకొని, గదిలో నిలుపుకొనవలెను. గుండు గొట్టమును దాటువరకు గది బిగిసి యుండవలెను. దాటిన పిదప రెప్పపాటులో తెరచుకొనవలెను. తూటాబలము పెరిగినకొలది ఈ ముడిని వేయుటయు, సకాలమున విప్పుటయు కష్టమగును.

ఈ ముడిని విప్పబూనిన తొలివారిలో ఇంగ్లండు దేశీయుడు హ్యూ గాబెట్-ఫేర్‌ఫాక్స్ ఒకడు. 1900 ప్రాంతమున అతడు నిర్మించిన ‘మార్స్’ పిస్తోలు ఆ కాలపు చేతితుపాకులన్నింటిలో మిక్కిలి బలమైనది. అందు గొట్టమును బోల్టును ఒకటిగా బిగిసి చాలదూరము వెనుకకు జరిగి, అటుపిమ్మట విడివడెడివి. ఇంత లోహము వెనుకకు దూకుటచే పిస్తోలు చేతిలో ఎగిరిపడెడిది. చాలనట్లు ఖాళీ గుల్ల నేరుగా వెనుకకే, అనగా పేల్చువాని ముఖముమీదికే, వచ్చెడిది. బ్రిటిష్ సైనికశాఖవారు పరీక్షించి దానిని నిరాకరించిరి. ఒకసారి పేల్చినవాడెవ్వడును రెండవసారి పేల్పగోరడని నౌకాదళాధికారి యొకడు అభిప్రాయపడెనట! 1902లో గాబెట్-ఫేర్‌ఫాక్స్ దివాలా తీసెను. 1904లో ఏర్పడిన ఒక సంస్థ ఆ పనిని కొనసాగింపజూచినను, 1907 నాటికి అదియు ముగిసెను. మొత్తముమీద తయారైన మార్స్ పిస్తోళ్లు సుమారు 80 మాత్రమే.

ఇంతలో అమెరికాలో జాన్ బ్రౌనింగు వేరొక త్రోవ త్రొక్కెను. గుండు లావుగా నుండవచ్చును, కాని మందు మితముగా నుండవలెననునది ఆ త్రోవ. అతని .45 పిస్తోలును అమెరికా సైన్యము 1911లో స్వీకరించి, డెబ్బది యేండ్లకు పైగా వాడుకొనెను. ఆ విజయములో మితమునకు గల పాలు చిన్నది కాదు.

అయినను బలముపై మోజు చావలేదు. లాటిన్ భాషలో ‘మాగ్నమ్’ అనగా గొప్పది. స్మిత్ అండ్ వెస్సన్ వారు 1935లో .357 మాగ్నమ్ తూటాతో రివాల్వరును వెలువరించిరి. ఎల్మర్ కీత్ అను పశుపాలకుడు, రచయిత, చేసిన ప్రయోగముల ఫలితముగా 1955లో .44 మాగ్నమ్ తూటా జన్మించెను. ఇవి రివాల్వరు తూటాలు. సిలిండరులో నిలుచుటకై వీనికి అడుగున వెడల్పైన అంచు ఉండును. మాగజైనులో ఒకదానిపై నొకటి పేర్చినచో ఆ అంచులు పెనవేసికొని అడ్డుపడును. మాగ్నమ్ బలమును అర్ధస్వయంచాలిత పిస్తోలునకు తెచ్చుటలో ఇది మరియొక చిక్కు.

కాలిఫోర్నియాలోని పాసడీనా నగరమున హ్యారీ శాన్‌ఫర్డ్ అను తుపాకి నిర్మాత ఈ చిక్కును విప్పబూనెను. అతని ‘ఆటో మాగ్’ 1971లో విపణికి వచ్చెను. అది తుప్పు పట్టని ఉక్కుతో చేసిన అందమైన ఆయుధము. దానికొరకు అంచు పొడుచుకొనిరాని.44 తూటానే క్రొత్తగా కల్పించిరి. కాని ఆ తూటా తొలిదినములలో అంగడిలో దొరకలేదు. కొన్నవాడు రైఫిలు తూటాల గుల్లలను తెచ్చి, కోసి, లోపలివైపు తొలిచి, మందు దట్టించి తానే చేసికొనవలసివచ్చెను. ఇక అమ్మకపు వెల తయారీ ఖర్చుకంటె తక్కువ! ఎన్ని అమ్మిన అంత నష్టము. మూడువేలైనను పూర్తికాకమునుపే, 1972లో, ఆ సంస్థ దివాలా తీసెను. పేరు మారిన సంస్థలు కొంతకాలము నెట్టుకొనివచ్చినను తొలి దెబ్బ మానలేదు. 1983లో క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘సడన్ ఇంపాక్ట్’ చిత్రములో ఆటో మాగ్‌ను ధరించి దానికి లోకప్రఖ్యాతి తెచ్చెను. కాని అప్పటికి తయారీ ఆగిపోయియుండెను.

ముడిని నిలుకడగా విప్పినది ‘డెజర్ట్ ఈగిల్’. మిన్నియాపోలిస్ నగరమున 1979లో స్థాపితమైన మాగ్నమ్ రీసెర్చ్ వారు దీనిని తలపెట్టగా, ఇజ్రాయేల్ మిలిటరీ ఇండస్ట్రీస్ వారు దిద్ది తయారుచేసిరి. వీరి కీలకము సులభము: పిస్తోలు పద్ధతిని విడిచి రైఫిలు పద్ధతిని అరువు తెచ్చుకొనిరి. గొట్టము కదలదు. మందు కాలగా పుట్టిన వాయువులో కొంత సన్నని రంధ్రముగుండ గొట్టము క్రిందుగా ముందుకు సాగి, ఒక ముషలకమును వెనుకకు త్రోయును. దానితో బోల్టు తిరిగి గది తెరచుకొనును. .357 తోడను, పిమ్మట .44 తోడను ఇది పనిచేసెను. 1991లో అర అంగుళపు .50 తూటా వచ్చెను. దాని బలము బ్రౌనింగు .45 తూటా బలమునకు సుమారు నాలుగు రెట్లు.

కాని ప్రకృతి ఊరక ఏదియు ఈయదు. ఈ పిస్తోలు బరువు రెండు కిలోలు. పొడవైన తూటాలు పిడిలో నిలువవలెను గనుక పిడియు లావే. చిన్నచేయి గలవాని వ్రేలు మీటనందుకొనుటయే కష్టము. మణికట్టు సడలినచో యంత్రము సగములో ఆగి తూటా చిక్కుకొనును. ఉత్త సీసపు గుండ్లు వాడినచో వాయురంధ్రము పూడిపోవును. తూటాలు ఖరీదైనవి, కావున పలువురు ఖాళీ గుల్లలను ఏరుకొని మరల నింపుకొందురు. ఏ దేశపు పెద్ద సైన్యమును దీనిని తన సాధారణ పిస్తోలుగా స్వీకరింపలేదు.

మరి కొనుచున్నదెవరు? అమెరికా అడవులలో పిస్తోలుతో జింకలను వేటాడువారు కలరు. ఇనుప జంతురూపములను దూరమునుండి పడగొట్టు పందెగాండ్రు కలరు. 200 మీటర్ల దూరమున నున్న ఇనుప పొట్టేలునకు గుండు తగిలిన చాలదు, అది పడిపోవలెను. వీరికి బలము నిజముగా అవసరమే. మిగిలినవారిలో పెక్కుమంది వెండితెర చూచి ముచ్చటపడినవారని మా అభిప్రాయము. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి అనుమతిపత్రము లేనిదే తుపాకిని ఉంచుకొనరాదు గనుక, మన శ్రోతలలో పెక్కురు దీనిని తెరమీదనే చూచియుందురు. ఆ తెరమీద వీరుడు ఒంటిచేత అవలీలగా పేల్చుచుండును. గురి నేర్పు మైదానమున అభ్యాసకుడు రెండు చేతులు బిగించి, చెవులు మూసికొని, కాలు నిలద్రొక్కుకొని పేల్చుచుండును.

గాబెట్-ఫేర్‌ఫాక్స్‌గాని, శాన్‌ఫర్డ్‌గాని ప్రతిభ లేనివారు కారు. ఉక్కు వారి మాట వినెను. మందు వారి మాట వినెను. విననివి రెండే: పేల్చువాని పిడికిలి, కొనువాని సంచి. ఆయుధమునకు తుది కొలత వానిచేతనే ఏర్పడునని వారి చరిత్ర తెలుపుచున్నది. మోయగల బలమెంత, మోయవలసిన అవసరమెంత అను రెండు ప్రశ్నలను ముందుగా వేసికొనినవాడు ఇట్టి ఆయుధమును కొన్నను, కొనకున్నను చింతింపడు.