దుప్పికొమ్ము ముద్ర – ట్రాకేనర్ గుర్రాల చరిత్ర



తెలుగు పండితుడికి ఐరోపా గుర్రాలతో పనేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. తురగము, హయము, ఘోటకము, వాజి అని పిల్లల చేత పర్యాయపదాలు వల్లె వేయించినవాణ్ణే గాని, కళ్ళెం పట్టినవాణ్ణి కాను. అయినా ట్రాకేనర్ అనే గుర్రపుజాతి వృత్తాంతం చదివాక, అది మనుషుల చరిత్ర నుండి విడదీయరానిదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా ఒక పదం సంగతి. ఈ జాతిని 'వార్మ్‌బ్లడ్' అంటారు. దీనికి ఒంటి వేడితో సంబంధం లేదు. గుర్రాలన్నిటి నెత్తురూ వెచ్చనిదే. చురుకైన అరబ్బీ, ఇంగ్లీషు థరోబ్రెడ్ గుర్రాలను వేడి నెత్తురువనీ, బరువులు లాగే స్థూలకాయపు గుర్రాలను చల్లని నెత్తురువనీ అక్కడివారు వ్యవహరిస్తారు. ఈ రెంటి నడుమ స్వభావం గలవి వార్మ్‌బ్లడ్‌లు. అంటే ఇది నెత్తురు పేరు కాదు, గుణం పేరు.

1732లో ప్రష్యా రాజు మొదటి ఫ్రీడ్రిష్ విల్హెల్మ్, తూర్పు ప్రష్యాలోని ట్రాకేనెన్ అనే చోట చిత్తడి నేలలను ఎండగట్టించి రాచ అశ్వశాలను నెలకొల్పాడు. ఆ ప్రాంతంలో ష్వైకె అనే చిన్నపాటి మోటు గుర్రాలుండేవి. ఓర్పు వాటి సొత్తు. వాటి సంతతికి తరువాతి కాలంలో అరబ్బీ, థరోబ్రెడ్ పోతుగుర్రాల వేగాన్నీ సొగసునూ జోడించారు. 1787 నుండి ట్రాకేనెన్ గుర్రాల తొడమీద ఏడు మొనల దుప్పికొమ్ము ముద్ర వేయసాగారు.

ఇంత శ్రమా దేనికి? ప్రధానంగా సైన్యానికి. రోజుల తరబడి నడిచి, దొరికిన మేత తిని, మరునాడు మళ్ళీ రౌతును మోయగల గుర్రం అశ్వదళానికి కావాలి. చుట్టుపట్ల రైతులు కూడా ఈ గుర్రాలను పెంచి, పొలం పనికి వాడుకొని, సైన్యానికి అమ్మేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ తూర్పు ప్రష్యా గుర్రాలదే పైచేయి. డ్రెస్సాజ్‌లో క్రోనోస్‌కు స్వర్ణం, ఆబ్సింత్‌కు రజతం, ఈవెంటింగ్‌లో నుర్మికి స్వర్ణం దక్కాయి. ఆ రౌతులంతా సైనికాధికారులే.

యుద్ధం కోసం పెంచిన జాతికి యుద్ధమే ఇల్లు లేకుండా చేసింది. 1944 అక్టోబరులో సోవియట్ సేనలు దగ్గరపడగా ట్రాకేనెన్ అశ్వశాలను ఖాళీ చేశారు. సామాన్య రైతులకు మాత్రం నాజీ పాలకులు సకాలంలో ఊరు విడిచే అనుమతి ఇవ్వలేదు. 1945 జనవరిలో, గడ్డకట్టే చలిలో, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు బండ్లు కట్టుకొని పడమటికి బయలుదేరారు. ఆ బండ్లకు కట్టినవి చాలావరకు చూలుతో ఉన్న గోడిగలు. ఫ్రిషెస్ హాఫ్ అనే ఉప్పుటేరు గడ్డకట్టి ఉంటే దాని మీదుగానే దాటారు. పైనుండి విమానాల కాల్పులు, కింద పగిలే మంచు. మనుషులు, గుర్రాలు కలిసే మునిగిపోయారు. తూర్పు ప్రష్యాలో వేలకొలది ఉన్న నమోదిత గోడిగలలో పశ్చిమ జర్మనీ ప్రాంతంలో మిగిలినవి వెయ్యికి మించలేదు.

'గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు' అని మన సామెత. అశ్వదళాలే అంతరించిన లోకంలో ఈ గుర్రాలకు దాణా ఎవరు పెట్టాలి, ఎందుకు పెట్టాలి? 1947లో కొందరు పెంపకందారులు సంఘంగా ఏర్పడి, మిగిలిన గుర్రాలను వెదకి, వంశావళి పుస్తకాన్ని మళ్ళీ నిలబెట్టారు. వాటికి జవాబు క్రీడారంగంలో దొరికింది. సోవియట్ దేశానికి తరలించిన గుర్రాల సంతతి కూడా అదే బాట పట్టింది. వాటిలో పెపెల్ అనే గుర్రం మీద యెలేనా పెతుష్కోవా 1970లో డ్రెస్సాజ్ ప్రపంచ విజేత అయింది. రష్యన్ భాషలో పెపెల్ అంటే బూడిద! 1984లో లాస్ ఏంజలెస్‌లో అబ్దుల్లా గెంతు పోటీల్లో వ్యక్తిగత రజతం తెచ్చింది. టోక్యో క్రీడల్లో (2021), పారిస్‌లో (2024) డలేరా అనే గోడిగ వ్యక్తిగత స్వర్ణాలు గెలిపించింది.

నేడు ట్రాకేనెన్ రష్యాలోని కలినిన్‌గ్రాద్ ప్రాంతంలో ఉంది. పేరు యాస్నయా పొల్యానా. టాల్‌స్టాయ్ ఊరు వేరు, ఇది వేరు. ఊరి పేరు మారినా గుర్రాల పేరు మారలేదు. తక్కిన వార్మ్‌బ్లడ్ సంఘాలు చాలావరకు పరస్పరం సంకరం చేసుకుంటాయి. ట్రాకేనర్ పుస్తకం మాత్రం థరోబ్రెడ్, అరబ్బీ, వాటి దగ్గరి రక్తాలను తప్ప వేరే జాతులను చేర్చుకోదు. దీన్నే స్వచ్ఛత అంటారు. కాని ఆ స్వచ్ఛతకు మూలం చూస్తే మోటు ష్వైకె, ఎడారి అరబ్బీ, ఇంగ్లీషు పందెపు గుర్రం! మేలిమి అని మనం మురిసిపోయే ప్రతి జాతి గర్భంలోనూ ఇటువంటి కలయిక ఒకటి ఉంటుందని నా నమ్మకం. ఈ జాతిని నిలబెట్టింది రాజాజ్ఞ కాదు, నెత్తురు గొప్పా కాదు. రాజు కట్టించిన శాల పోయింది. మంచు మీద బండి లాగిన గోడిగ, దాని పగ్గం వదలని మనిషి, తరువాత ఆ పేరు పుస్తకంలో వ్రాసి ఉంచినవాడు, ఈ మువ్వురి వల్ల జాతి మిగిలింది.

స్వస్తి.