పొట్లం వెనకాల రాసింది ఎవరి కోసం?



రైల్వేలో మేము గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ ఒకటే లెక్క: చీటీ లేని సరుకు బండెక్కదు. అలాంటి మేమే, డాక్టరు షుగరుందని చెప్పేదాకా బిస్కత్తు పొట్లం వెనక్కి తిప్పి చూడలేదు.

గనులున్న కాలంలో రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో పప్పు, బెల్లం కాగితంలో కట్టిచ్చేవాళ్లు. అప్పుడు భయమంతా కల్తీ గురించే. 1954 చట్టం కూడా కల్తీ ఆపడానికి వచ్చిందే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. తెల్లవారుజామున మారికుప్పంలో బండెక్కి బెంగళూరు పోయి, రాత్రికి తిరిగొచ్చే బతుకు చాలామందికి వచ్చింది. దారిలో తినేది పొట్లాల తిండే. చక్కెర, కొవ్వు ఎంతో పొట్లం మీద రాయాలన్న నియమం 2008లో ప్రకటించారు.

మన జనానికి చదవడం రాదనుకోకండి. 2001లో వచ్చిన పచ్చచుక్క అర్థం అందరికీ తెలుసు, దానికి భాష అక్కర్లేదు. డెయిరీకి పాలు పోసే మన కోలారు రైతుకు ఫ్యాటు, ఎస్.ఎన్.ఎఫ్. కంఠపాఠం, డబ్బు దాన్నిబట్టే వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఢిల్లీ, హైదరాబాదుల్లో అడిగితే, ఎక్కువమంది లేబులు చూసేది తేదీల కోసమేనని తేలింది.

అసలు ఇబ్బంది భాష. నియమం ప్రకారం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, మిగతా భాషలు కంపెనీ ఇష్టం. మేము ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో కన్నడం. మూడు భాషలు వచ్చినా, ఆఫీసు ఇంగ్లీషు లేకుంటే ఆ చీటీ మాకూ అర్థమయ్యేది కాదు. మన ఇళ్లలో ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు ఎలా తెలుస్తుంది?

అందుకే రెండు సంగతులు గుర్తుంచుకోండి. లెక్క 100 గ్రాములకా, ఒక్కసారి తినేదానికా అని ముందు చూడండి. సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది, దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు, హద్దు. బయట కలిపిన చక్కెరకు 50 గ్రాములు హద్దుగా పెట్టారు, షుగరున్నవాళ్లు డాక్టరు చెప్పినంతే.

వచ్చే సంఘం సమావేశానికి ఇంట్లో ఉన్న ఖాళీ పొట్లాలు తీసుకురండి. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు పైకి చదివి తెలుగులో చెప్తారు. మేము కళ్లజోడు తెచ్చుకుని ముందు వరసలో కూర్చుంటాము.