గుడ్డకు లేని పన్ను కమీషన్‌కు ఎందుకు?

చీరాల వైపు మనవాళ్లు నేసిన రుమాళ్లు మద్రాసు వర్తకుల చేతుల మీదుగా పశ్చిమ ఆఫ్రికాకు ఓడలెక్కేవి. నేత మనది, పేరు మాత్రం మద్రాసు రుమాలు!

1939లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం సాధారణ అమ్మకపు పన్ను తెచ్చింది. చేనేత గుడ్డ ఒక్కటే అమ్మే వర్తకులకు అందులో మినహాయింపు దొరికింది. 1950లో రాజ్యాంగం 286వ అధికరణం, ఎగుమతి అమ్మకాల మీద రాష్ట్రాలు పన్ను వేయకూడదంది. 1976 నుంచి, చేతిలో ఉన్న విదేశీ ఆర్డరు కోసం ఎగుమతిదారు కొనే సరుకుకూ ఆ రక్షణ వచ్చింది. గుడ్డ సంగతి అలా తేలిపోయింది. పని సంగతే తేలలేదు.

షోలాపూర్‌లో ఒక ఇంట్లో అన్నదమ్ములున్నారనుకుందాం. అన్న తువ్వాళ్లు కొని తన పేరున విదేశానికి పంపిస్తాడు. తమ్ముడు విదేశీ కొనుగోలుదారుకి మన మగ్గాలవాళ్లను చూపించి, అక్కడి నుంచి డాలర్లలో కమీషన్ తీసుకుంటాడు. దేశానికి డబ్బు తెచ్చేది ఇద్దరూ. పన్ను మాత్రం తమ్ముడికే పడింది.

మొదట్లో ఇలా లేదు. సేవాపన్ను 1994లో మొదలైంది. 2005లో సేవల ఎగుమతి నిబంధనలొచ్చాక ఇలాంటి కమీషన్ కూడా ఎగుమతే అయింది. 2014 అక్టోబరు 1న సరుకు మధ్యవర్తులనూ వేరే నిబంధన కిందికి తెచ్చి, సేవ అందిన చోటు మధ్యవర్తి ఉన్న ఊరేనన్నారు. ఊరు ఇక్కడిదైతే ఎగుమతి ఎక్కడిది! 2017లో జీఎస్టీ దాన్నే కొనసాగించింది, 18 శాతంతో. విదేశీ కంపెనీకి సొంతంగా డిజైన్ గీసిచ్చి, విదేశీ మారకంలో డబ్బు తెచ్చుకునే పిల్లలకు ఈ బాధ లేదు, వాళ్లది మధ్యవర్తిత్వం కాదు కనుక.

2021లో బొంబాయి హైకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. 2023లో మూడో జడ్జి, నిబంధన చెల్లుతుంది గానీ ఐజీఎస్టీ చట్టం వరకేనన్నారు. చివరికి 2025 సెప్టెంబరులో, 56వ సమావేశంలో, జీఎస్టీ కౌన్సిల్ ఆ నిబంధనను తీసేయమని సిఫారసు చేసింది. అన్నకు 1950లోనే దక్కిన మాట తమ్ముడి దాకా రావడానికి 75 ఏళ్లు పట్టింది. పాత సంవత్సరాల లెక్క అడిగితే చూపించడానికి కమీషన్ ఒప్పందం, విదేశీ సొమ్ము జమైనట్టు బ్యాంకు ఇచ్చిన పత్రం మన ఇళ్లలో భద్రంగా ఉండాలి.